ఏడో గడిలో మీసం

“ఆవిడ మొహం నువ్వెందుకు తుడుస్తున్నావ్?”

వెనకనుంచి భార్య గొంతు వినబడగానే ఖమైస్ చేతిలోని దూది ఆగిపోయింది.

బడి గోడ మీద అధ్యక్ష ఎన్నికల అభ్యర్థులకు అంకెలు వేసి గడులు గీశారు. ఏడో గడిలో వకీలు నజీహా ఫోటో. మిగతా గడులన్నీ మగవాళ్ళవే. నజీహా పైపెదవి మీద ఎవరో నల్లటి మీసం గీశారు. ఖమైస్ తన సెలూన్ నుంచి తెచ్చిన కొలోన్‌లో దూది ముంచి, కాగితం చిరగకుండా ఎడమచేత్తో అదిమిపట్టి, పసిపిల్ల మూతి తుడిచినంత మెల్లగా అద్దుతున్నాడు.

మబ్రూకా చేతిలో అతని కోసం తెచ్చిన శనగల పులుసు గిన్నె ఉంది. ఎంత కోపంలో ఉన్నా, చల్లారకుండా కప్పిన గుడ్డను మాత్రం ఆమె జారనివ్వలేదు.

“ఇందులో ఏముందే? రోజూ తుడిచేది నేనేగా. షాపుకి ఎదురు గోడ, వచ్చినవాళ్ళకి ముందు కనబడేది ఇదే...”

“రోజూనా!”

పక్కనున్న కాఫీ కొట్టు ముందు స్టూళ్ళన్నీ ఇటు తిరిగాయి. రైళ్ళలో గార్డుగా పనిచేసి రిటైరైన అల్లాలా పకపకా నవ్వాడు.

“పట్టుబడ్డావురా ఖమైస్! కొలోన్ కూడా వాడుతున్నావా? నాకు గడ్డం గీశాక ఉత్త నీళ్ళు కొడతాడమ్మా. అదేమంటే కొలోన్ అయిపోయిందంటాడు.”

మబ్రూకా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “వింటున్నావా? పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది. నా మొహాన పిండి అంటుకుంటే ‘తుడుచుకో’ అన్నావే గాని, ఒక్కసారి నీ చేత్తో తుడిచావా?”

“పిచ్చిదానా, అది ఉత్త కాగితమే!”

“కాగితానికే ఇంత మెత్తగా అద్దుతున్నావు. రేపు మనిషే వచ్చి నిలబడితే?”

అల్లాలాకు జాలేసింది. “ఊరుకో తల్లీ. వీడు ఆవిడకి ఓటు కూడా వెయ్యడు. పది రోజుల కిందట నా గడ్డం గీస్తూ ఏమన్నాడనుకున్నావ్? ‘ఆడదేంటి, దేశాన్ని ఏలడమేంటి? ఆ కుర్చీ ఎక్కాలంటే మూతి మీద మీసం ఉండాలి బాబాయ్’ అన్నాడు. మేమంతా అవునంటే అవునన్నాం. అప్పుడు నువ్వూ గుమ్మంలోనే ఉన్నావుగా, వినలేదూ?”

“విన్నాను.”

“మరింకేం?”

“అదే నా బాధ బాబాయ్. ఓటేసేవాడు తుడిచాడంటే, పోనీ పార్టీ పని అనుకుంటాను. ఓటెయ్యనంటూనే ఇలా ముద్దుగా తుడుస్తున్నాడంటే ఏమనుకోవాలి?”

ఎవరికో కాఫీ పొలమారింది. ఖమైస్ చెవులు ఎర్రబడ్డాయి.

“ఇంకోసారి ఆ మొహం మీద చెయ్యి వేశావంటే సూస్ ఊళ్ళో మా అక్క దగ్గరికి పోతాను. నీ పులుసు ఆవిణ్ణే వండిపెట్టమను.”

ఖమైస్ గోడ మీంచి చెయ్యి తీసేశాడు. మబ్రూకా అన్నంత పనీ చేస్తుంది. కిందటి రంజాన్‌లో చేసింది కూడా. ఇంట్లో ఉప్పు ఎక్కడుందో తెలియక ఉపవాసం విడిచే వేళ అతను ఉత్త ఖర్జూరాలతో కూర్చున్నాడు. ఉప్పు సంగతి సరే, పక్కన పోట్లాడే మనిషి లేకపోతే ఇల్లు ఎంత పెద్దదైపోతుందో అతనికి అప్పుడే తెలిసింది.

“అల్లా మీద ఒట్టు మబ్రూకా, ఆవిడంటే నాకేం లేదు. ఆడకూతురి మొహాన మీసం చూస్తే ప్రాణం ఒప్పదు, అంతే. అదీగాక మీసాలు నా వృత్తి. నిజం చెప్పాలంటే, గీసినవాడెవడో గాని గట్టి పనివాడు. ఆ కొసలు ఎలా తిప్పాడో చూడు! నా కత్తెరకి కూడా అంత సన్నగా రాదు.”

మబ్రూకా ముఖం ఒక్క క్షణం విప్పారి, మళ్ళీ బిగుసుకుంది.

అది ఖమైస్ చూశాడు. దూదిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొలోన్ ఘాటు వెనక లవంగాల వాసన, మాచికాయ వాసన. హర్‌కూస్! పెళ్ళికూతుళ్ళ చేతుల మీద తీగలు గీసే నల్లరంగు. ఆ వీధిలో దాన్ని కాచేదీ గీసేదీ ఒక్క మనిషే. ఇరవై ఏళ్ళుగా ఆ వాసన పక్కనే అతను నిద్రపోతున్నాడు.

“నువ్వా!” అన్నాడు నోరు తెరిచి. “ఒక ఫోటో మీద ఇంత అసూయా? పాపం ఆవిడ నిన్నేం చేసిందే?”

మబ్రూకా పులుసు గిన్నె అతని చేతిలో పెట్టి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“అసూయ ఇవాళే పుట్టింది, నిన్నిలా చూశాక. మీసం మాత్రం వారంనుంచి నేనే పెడుతున్నాను. ఆ కుర్చీకి మీసం ఉండాలన్నది మీరే కదా! మీకోసమని నేను రోజూ పెట్టిపోతుంటే, నువ్వు రోజూ గొరిగేస్తావేమయ్యా?”