రెక్కకు అవతలి వైపు

"నీ విమానాన్ని ముట్టుకోనన్నానా? పదకొండేళ్లుగా ముట్టుకోనిదాన్ని ఇవాళ ముట్టుకుంటానా?" అంది క్వేతా, తిన్న పళ్లేలు తొట్టిలో పడేస్తూ.

ఆమె భర్త లుబోమీర్ వంటగది గుమ్మంలోనే ఆగిపోయాడు. అతని చేతిలో మూరెడు పొడుగు సూది ఉంది.

"ఓటా చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అరవై రెండేళ్లొచ్చి ప్లమ్ చెట్టెక్కితే ఏమవుతుంది మరి! రేపు పొద్దున విమానం తనిఖీకి మనిషొస్తున్నాడు. ఈసారి తప్పితే మళ్లీ వసంతానికే. అంతా అయిపోయింది క్వేతా, ఎడమ రెక్క గుడ్డ ఒక్కటే కుట్టాలి. ఇవతల నుంచి ఒకరు సూది పంపిస్తే అవతల ఒకరు అందుకోవాలి. ఒక్కడివల్ల అయ్యే పని కాదు."

"అందులో సీట్లు రెండు కదూ? రెండోది ఎవరికి?"

"ఓటాకి. ఇంకెవరికి?"

"అయితే నీ స్నేహితుడు ఓటానే కుట్టమను. ఒంటిచేత్తో."

లుబోమీర్ పెరటి కొట్టంలోకి వెళ్లిపోయాడు. బల్లల మధ్య, అతను పదకొండేళ్లుగా కడుతున్న విమానం రెక్క నిలువుగా నిలబడి ఉంది. రెండు వైపులా తెల్లటి గుడ్డ పరిచి, అంచులు అంటించి, ఇస్త్రీపెట్టె వేడితో బిగించాడు. ఇక లోపలి చెక్క ఎముకలకు దాన్ని కుట్టెయ్యాలి. ఒక్కడే రెండు కుట్లు వేశాడు. ప్రతి కుట్టుకీ రెక్క చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, సూది లాగి, మళ్లీ ఇవతలికి రావాలి. మూడోదానికి ఆయాసం వచ్చి కూర్చున్నాడు.

అరగంట తర్వాత తలుపు కిర్రుమంది. పాత నీలం ఏప్రన్ కట్టుకుని వచ్చిన క్వేతా అతని వంక చూడకుండానే రెక్కకు అవతలి వైపు స్టూలు లాక్కుని కూర్చుంది.

"పంపించు," అంది.

గుడ్డకు ఇటు అతను, అటు ఆమె. ఒకరికొకరు కనిపించరు. సూది ఒక్కటే వెళ్తోంది, వస్తోంది. మైనం పూసిన దారం గుడ్డలోంచి సర్రుమని జారుతోంది.

"ముడి వదులైనట్టుంది," అన్నాడు లుబోమీర్ కాసేపటికి.

"వదులైంది నీ వైపు ముడి. ఫ్లయింగ్ క్లబ్బులో నేను కుట్టిన రెక్కల్లో ఒక్కటైనా ఊడిందా?"

"ఊడలేదు. అక్కడ ఐదుగురు అమ్మాయిలు కుట్టేవాళ్లు, నీ కుట్టు దూరం నుంచే తెలిసిపోయేది నాకు."

"కుట్టే చూశావో, ఇంకేం చూశావో!"

లుబోమీర్ నవ్వాడు. "నీ జుట్టంతా రెక్కలకి పూసే వార్నిష్ వాసన. డాన్సుకి వెళ్తే పక్కవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు."

"మూడుసార్లు వెనిగర్‌తో కడిగేదాన్ని. అయినా పోయేది కాదు. నువ్వేమో మొహం అందులోనే దాచుకుని ఊపిరి పీల్చేవాడివి, అదేదో మల్లెతోటైనట్టు."

సూది నాలుగుసార్లు వెళ్లి వచ్చింది. బయట వాల్‌నట్ కాయలు రేకు కప్పు మీద టపటపా రాలుతున్నాయి.

"గ్లైడర్లు ఎగరేసే కొండ మీద, గడ్డిలో పడుకుని ఏమన్నావో గుర్తుందా?" అంది క్వేతా అవతలి నుంచి.

"విమానం కడతానన్నాను."

"మనకి కడతానన్నావు."

లుబోమీర్ చెయ్యి ఆగిపోయింది.

"కట్టావు. నీకూ ఓటాకీ," అంది క్వేతా.

"నీకు భయమనుకున్నాను క్వేతా."

"ఒక్కసారి అడిగావా?"

లుబోమీర్ సూది గుచ్చి అటు పంపాడు. ఆమె మొహం కనబడకపోవడం వల్లేనేమో, ఇన్నాళ్లూ గొంతులోనే ఉండిపోయిన మాట బయటికొచ్చింది.

"కాసేపు సూది నీ దగ్గరే ఉంచు. ఒకటి చెప్పాలి. జూన్‌లో పైలట్లకి చేసే వైద్య పరీక్షకి వెళ్లానా, డాక్టరు సంతకం పెట్టలేదు. గుండె బాగాలేదట. ఇక నేను విమానం నడపకూడదు. ఓటాకి కూడా చెప్పలేదు. వాడికెలాగూ నడపడం రాదు."

"మాత్రలు వేసుకుంటున్నావా?" అంది క్వేతా.

"వేసుకుంటున్నాను."

"మరి ఎగరలేనివాడివి ఇదంతా ఎందుకు కుడుతున్నట్టు?"

"పదకొండేళ్లు కట్టినదాన్ని అస్థిపంజరంలా ఎలా వదిలెయ్యను? క్లబ్బులో ఎవరో ఒకరు ఎగరేస్తారులే. నేను కింద నిలబడి చూస్తాను."

గుడ్డలోంచి సూదిమొన మెల్లగా బయటికొచ్చింది.

"లాగు. దారం వదులైపోతోంది," అంది ఆమె.

ఎండ కొట్టం తలుపు దాటి లోపలికి పాకి, రెక్క అంచు మీదకి ఎక్కేసరికి చివరి ముడి పడింది. క్వేతా నడుం పట్టుకుని లేచి, రెక్క చివర నుంచి ఇటు వచ్చింది. ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఇంతకాలం దాచినందుకు తిట్లు తప్పవనుకుని లుబోమీర్ తల వంచుకున్నాడు.

ఆమె గుడ్డ మీద వేలితో టప్పున కొట్టింది. రెక్క డప్పులా మోగింది.

"బాగా బిగిసింది. రంగు వేసి, కాగితాలన్నీ వచ్చేసరికి మే నెల అవుతుంది. ముందు ఆ కొండ మీదుగానే వెళ్దాం. రెండో సీటులో నువ్వు కూర్చో."

"నేను కూర్చుంటే నడిపేదెవరు, నీ మొహం!"

"పదకొండేళ్లు శనివారం శనివారం నువ్వీ కొట్టంలో ఉంటే, నేను ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాననుకున్నావా?" అంటూ క్వేతా ఏప్రన్ జేబులోంచి ఒక కార్డు తీసి అతని అరచేతిలో పెట్టింది.

దాని మీద ఆమె ఫోటో, పక్కన నాలుగేళ్ల కిందటి తేదీ, పైన 'పైలట్ లైసెన్స్' అన్న అక్షరాలు ఉన్నాయి.