ఎర్రెద్దు రొట్టె

పెనం మీంచి దించిన మొదటి జొన్నరొట్టెను ఎవరిదో చెయ్యి తీసుకుంది.

నాగలక్ష్మమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. గడ్డం మాసిన పడుచు మనిషి. రూపనగుడి ఊరి ఎండలో ఉన్ని కోటు!

"ఎవురప్పా నువ్వు?"

అతను రొట్టె పట్టుకుని నేరుగా కొట్టంలోకి పోయాడు. ఖాళీ కట్టుకొయ్య దగ్గర ఆగాడు.

"ఎర్రెద్దు యాడమ్మా?"

ఆ ఇంట్లో మొదటి రొట్టె ఎప్పుడూ ఎద్దుకే. ఆ ఎద్దు చచ్చి చాన్నాళ్లయింది.

"దాని సంగతి నీకెవురు చెప్పినారు?"

"ఎడమకాలు ఈడుస్తాది గదా. రొట్టె తినందే కాడి కిందికి రాదు. నువ్వు రొట్టె తట్టుకుంటా దాన్ని తిడతాంటావు. అది తల ఊపుతాంటాది."

చెబుతూ చంటిబిడ్డలా నవ్వాడు. చూస్తే మంచివాడిలానే ఉన్నాడు. కానీ నమ్మేదెట్లా? మొన్ననే ఒక జోస్యగాడు పక్కవీధిలో అందరి గుట్టూ కూపీ లాగి, ఈ వీధిలో వల్లించి, ఒకామె ముక్కుపుడక ఎత్తుకుపోయాడు. కొడుకు పోయిన తల్లి దొరికితే అట్లాంటివాళ్లకు పండగే.

ఆమె కొడుకు వెంకటరామి చైనా యుద్ధంలో పోయాడు. టెలిగ్రాం వచ్చింది, శవం రాలేదు. ఆ మంచులో ప్రాణం పోయేటప్పుడు బిడ్డ తనను తలుచుకున్నాడో లేదో! అదొక్కటి తెలిస్తే చాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"మీదే ఊరు?"

అతను బిత్తరపోయాడు. "ఇదే గదమ్మా?"

"మీ అమ్మ పేరేంది?"

"నాగలక్ష్మమ్మ."

ఇక ఆమెకు అనుమానం తీరిపోయింది.

"నా పేరు గూడా కనుక్కోని వచ్చినావా! బసప్పా, బిర్రన రాప్పా! దొంగ జోస్యగాడు!"

పక్కింటి బసప్ప ముల్లుగర్రతో వచ్చాడు. కర్రను నేలకేసి టప్పున కొట్టాడు. అంతే, ఆ మనిషి బోర్లా పడి చెవులు మూసుకున్నాడు.

"పండుకోండి! అందరూ పండుకోండి!"

"బాగా ఆడతాండాడే నాటకం!" బసప్ప నవ్వి, రెక్క పట్టుకుని లేపి, ఊరి బయట వదిలి వచ్చాడు.

కొన్నాళ్లకు చోరనూరు నుంచి ఉచ్చెంగమ్మ అనే ఆమె వెతుక్కుంటూ వచ్చింది.

"ఉన్ని కోటు ఏసుకున్న మనిషి ఈడికొచ్చినాడామ్మా? నా తమ్ముడు గాళెప్ప. మిలిటరీలో ఉండె."

"వచ్చినాడు. దొంగనుకోని తరిమేస్తిమి."

ఉచ్చెంగమ్మ అరుగు మీద కూలబడింది.

"యుద్ధం నుంచి వచ్చినాక వానికి బాంబులు తప్ప ఏమీ గ్యాపకం లేవమ్మా. కన్నతల్లినే మర్చిపోయినాడు. వాని పెండ్లి సంగతి చెప్పినా ఎవురిదో అన్నట్టు చూస్తాడు. మంచి సంగతులు అడగండని డాక్టరు చెప్పె. అడిగితే రూపనగుడి అంటాడు, ఎర్రెద్దు అంటాడు, నీ తిట్లు చెప్పి నవ్వుతాడు. అవి చెప్పిన పూటే వానికి నిద్ర. 'మా ఇంటికి పోతాండా' అని బయల్దేరినాడు. మళ్లా రాలే."

"మా ఇంటి సంగతులు వానికి యాడివి తల్లీ?" నాగలక్ష్మమ్మ ఆమె పక్కన కూర్చుంది.

"నీ కొడుకు చెప్పినవేనమ్మా. ఇద్దురూ ఒక్క పటాలమేనని వాళ్లతో ఉండిన సిపాయి ఒకడు జాబు రాసె. గుండు తగిలి, మా వాని ఒళ్లో తల పెట్టుకోని, ఊపిరి ఆగేదంకా నీ సంగతులే చెప్తాండెనంట."