ముదురు నీలం, లేత మీగడ

"ముదురు నీలం గోడకి ఎలా ఉంది?" రంగుల కొట్టు బల్ల మీద మోచేతులానించి అడిగింది మెరెతె.

తారంటిన గోళ్లు జేబుల్లో దాచుకున్నాడు ఎస్కిల్. "పగలు బాగానే ఉంది. సాయంత్రమైతే గది గుహలా అయిపోతోంది."

"బాగా ఆరిందా?"

"శుభ్రంగా ఆరింది. మరక కూడా లేదు."

మెరెతె ఆయన జేబుల వైపోసారి చూసి, గంభీరంగా తలూపి, అయితే ఈసారి లేత మీగడ రంగు చూడమంది. మొట్టమొదట కొన్న లేతరంగు ఆసుపత్రిలా ఉందని ఆయనంటే ముదురు వైపు తిప్పిందీ ఆవిడే. వెనక గదిలోకి వెళ్లి, చిన్న నమూనా డబ్బా నింపి, సుత్తితో మూత బిగించి తెచ్చింది.

నిజానికి ఎస్కిల్‌కి గోడలే లేవు. ఒంటరివాడు, ఫోబోర్ రేవులో పడవ మీదే కాపురం. లోపలంతా వార్నిష్ కొట్టిన చెక్క, బయటంతా తారు. చలికాలం మొదట్లో వాన తప్పించుకుందామని ఈ కొట్లో దూరి, ఊరికే నిలబడలేక గోడల రంగులడిగాడు. మెరెతె నవ్వింది. ఆ నవ్వు కోసం ప్రతి శనివారం లేని గోడలకి రంగులు వెతుకుతున్నాడు. ఒక్క డబ్బా మూత తీసిన పాపాన పోలేదు. నిజం తెలిస్తే ఆవిడ మళ్లీ తన మొహం చూడదని ఆయన భయం.

ఆ భయమే నిజమయ్యేలా ఉంది. డబ్బా అందుకుని బయటపడబోతుంటే మెరెతె కోటు తొడుక్కుంది. గదిలో వెలుతురు చూడందే ఇక రంగు చెప్పలేనని, ఇంటికి వస్తానని చెప్పి, కొట్టు కట్టేసి తాళం వేసింది. ఆయన కాళ్లీడ్చుకుంటూ నడిస్తే ఆవిడ హుషారుగా రెండడుగులు ముందే నడిచింది.

రేవు గట్టు మీద ఎస్కిల్ ఆగిపోయాడు. "మెరెతె గారూ, నా ఇల్లు ఇదే. రంగు వెయ్యడానికి గోడల్లేవు. మీతో మాట్లాడే వంక కోసం అబద్ధమాడాను. డబ్బాలన్నీ లోపల అలాగే ఉన్నాయి."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని పడవలోకి దిగి, బెంచీ కింద వరసగా పేర్చిన డబ్బాలు చూసింది. కోపమొచ్చిందో లేదో ఎస్కిల్‌కి అంతుపట్టలేదు.

"తియ్యండి మూతలు," అంది.

చెంచా కాడతో మొదటి వారం కొన్నది తీశాడు. చిక్కటి రంగే, ఆసుపత్రిలా ఉందన్న ఆ లేతరంగు. రెండోది తీసి, కళ్లు నమ్మలేక మూడోది, నాలుగోది కూడా తీశాడు. మెరెతె ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

మిగతా అన్నిట్లోనూ మంచినీళ్లే.