పదకొండో షెడ్డు

“కొత్త బోల్టులు వేస్తా అమ్మాయ్. వీటికి తుప్పు పట్టింది.”

“వద్దు మామా. పాతవే బిగించాల.”

ప్రొద్దుటూరు బైపాసు పక్కన ఓబులేసు మెకానిక్ షెడ్డు. యాస్మిన్ జీపు దిగిన దగ్గర్నుంచి ఒక్కచోట నిలబడలేదు. జీపు చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. నీళ్లిస్తే గ్లాసు పట్టుకుని, తాగకుండానే మళ్లీ తిరిగింది.

జీపు వయసు ఆమె వయసుకన్నా ఎక్కువ. రంగు మాత్రం కొత్తది. ఇంజను, బ్రేకులు, టాపు అన్నీ అయ్యాయి. మిగిలింది వెనక స్టెప్నీ స్టాండు ఒక్కటే. నాలుగు బోల్టులకూ ఆమె ఇంటి దగ్గరే గ్రీజు పూసి, చేత్తో కాస్త తిప్పి వదిలింది. వాటి మీద, వేరే జీపు నుంచి తెచ్చిన ఆ ఇనుప చట్రం వదులుగా వేలాడుతూ జమ్మలమడుగు నుంచి దారంతా గడగడమంటూ వచ్చింది.

“ఇంత పనికి ఈడిదాకా రావాల్నా? మీ జమ్మలమడుగులో షెడ్లు లేవా?”

“ఉండాయి. పోయినా. పులివెందుల పోయినా, ఖాజీపేట పోయినా, పెండ్లిమర్రి పోయినా. నీది పదకొండో షెడ్డు.”

ఓబులేసు పడీపడీ నవ్వాడు. “పదిమందికి నాలుగు బోల్టులు బిగియలేదా?”

“అందరూ పాత జీపుల పని తెలిసినోళ్లే మామా. అందరూ నీ వయసోళ్లే. ఇవి బిగియవు, పక్కన కొత్త తూట్లు కొడతామన్నారు.”

“బోల్టు బిగించడం రానోడు తూటే కొడతాడు. ఇంతకీ యాడిది ఈ బండి? నేనెప్పుడూ చూడలేదే!”

“మా ఊరి కృష్ణమ్మది. నూరెకరాల ఆసామి. మా నాయన సత్తారు ఆమెకు డ్రైవరు. ముప్పై ఏండ్ల కిందటి మాట. పులివెందుల సంత కాడ బండి నిలిపింటే, స్టాండుతో సహా స్టెప్నీ ఎత్తుకపాయిరి ఎవరో. ఇంటికొచ్చినాక గూడా ఎవరూ చూసుకోలే. అదే సాయంత్రం ఆమెకు గుండెనొప్పి. కడపకు తీసకపోతాంటే ఎర్రగుంట్ల దాటినాక టైరు పగిలిపాయ. మా నాయన దిగి వెనక్కి పోతే ఏముంది ఆడ? ఇంకో బండి వచ్చేలోగా ఆమె పాయ.”

“పాపం” అన్నాడు ఓబులేసు, డబ్బాలో పానాలు కెలుకుతూ.

“ఆమె కొడుకు పవన్ సారు, స్టెప్నీ నువ్వే అమ్ముకున్నావని మా నాయన మీద పడినాడు. బోల్టులు విరగలే, రేకు వంగలే. అన్నీ సుబ్బరంగా విప్పి, మళ్లా వాటి తూట్లలోనే పెట్టి పోయినారు. దొంగోడైతే పగలగొడతాడు, ఇది తెలిసినోని పనే అన్నారు. ఊరంతా నమ్మె. ఆ పొద్దునుంచి మా నాయన స్టీరింగు పట్టలేదు. నమాజుకు గూడా సందుల్లో నక్కినట్టు పోతాడు.”

“మరి బండి నీకెట్లొచ్చె?”

“పాత ఇనుము కింద అమ్ముతాంటే కొన్నా. నేను స్కూలు వ్యాను తోల్తా. మా నాయన్ను ఇదే బండిలో ముందర కూచోబెట్టుకుని, పవన్ సారు ఇంటి ముందర నుంచి పోవాల. తలెత్తుకుని పోవాల. దానికే ఈ తిరుగుడంతా.”

“ఆ కాలంలో నేను కువైట్‌లో ఉంటిలే” అన్నాడు ఓబులేసు, ఎవరూ అడగకుండానే. “లేకుంటే ఈ పక్కల తిరిగే ప్రతి జీపు నా చేతికి రావాల్సిందే.”

అతను పని మొదలుపెట్టాడు. పైన రెండు బోల్టులూ కుడికి లాగి బిగించాడు. కింద కుడిపక్కదీ బిగించాడు. యాస్మిన్ తిరగడం ఆపి, దగ్గరికొచ్చి వంగింది.

“ఏంది మీదమీదకొస్తాండావు? నేనేమన్నా తింటానా దాన్ని?”

“బాగా చేస్తాండావు మామా. చూస్తే నేర్చుకోవచ్చని.”

ఆ మాట అతనికి బాగా ఎక్కింది. “నా చేతులకు కండ్లుంటాయి అమ్మాయ్. ఇట్లాంటివి చూడకుండా బిగిస్తా” అంటూ ముఖం రోడ్డువైపు తిప్పి, “ఒరే రెహాన్, రెండు టీలు!” అని ఎదురంగడికి కేకేశాడు. కేకేస్తూనే చివరి బోల్టుకు పానా తగిలించి ఎడమకు లాగాడు. నాలుగు లాగుళ్లకు బోల్టు కిర్రుమంది. స్టాండును రెండు చేతులా పట్టుకుని ఊపాడు. జీపు ఊగింది గానీ స్టాండు కదల్లేదు.

“అయిపాయ! ఆ పదిమందికీ చెప్పు పో, ఓబులేసు బిగించినాడని.”

“చెప్తా మామా. అందరికీ చెప్తా.”

ఆమె ఫోను తీసి తండ్రికి చేసింది. “నాయనా, ప్రొద్దుటూరు బస్సెక్కు. పవన్ సారును గూడా పిల్చుకరా. రానంటే, స్టాండు బిగిసిందని చెప్పు, ఉరికొస్తాడు. ఆ... నాలుగూ. అవు నాయనా, ఒకే తూరి. ఏడ్చాకు. ముందు బస్సెక్కు.”

“ఏందమ్మాయ్, ఒక స్టాండుకు ఇంత సంబరమా?” ఓబులేసు చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. “ఊరేగింపు తీస్తారా ఏంది?”

యాస్మిన్ ఇనుప కుర్చీని ఈడ్చుకొచ్చి, షెడ్డు వాకిలికి అడ్డంగా వేసుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి కూర్చుంది.

ఈ జీపుకు మాత్రం ఆ చివరి బోల్టు ఒక్కటే ఎడమకు తిప్పితే బిగుస్తుందని ఆమె ఏ షెడ్డులోనూ చెప్పలేదు.