ప్రహ్లాద్ సేటు సైకిలు

దొంగ ప్రహ్లాద్ సేటేనని హెడ్ కానిస్టేబుల్ సాలోమోను మనసులో ఖాయం చేసుకున్నాడు. ఇక మిగిలింది పట్టుకోవడమే.

ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు ఉడకబెట్టే రోజులవి. ఇంటిల్లిపాదీ చేలోనే, కడాయి దగ్గరే ఉంటారు. ఇంటికి తాళం పడుతుంది. ఏ చేలోంచి తెల్లగా ఆవిరి లేస్తుంటే ఆ చేను వాళ్ల ఇల్లు ఖాళీ అన్నమాట. సైకిలెక్కి కాలువ గట్టు వెంట షికారుగా పోయేవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది అలా కొన్ని ఇళ్లు గుల్లయ్యాయి.

చివరగా పోయింది ఆలూర్ రామవ్వ గుండ్లపేరు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టి, ఒక్కో బంగారు గుండూ కొనుక్కుని కూర్చుకున్న మెడదండ అది. పనిలో ఎక్కడ తెగుతుందోనని బియ్యం కుండలో దాచి చేనుకు పోయింది. ఆ పొద్దున గట్టు మీద ఒక మనిషి సైకిలుపై దూసుకుపోవడం ఆమె చేలోంచి చూసింది కూడా. ధోవతి, నల్ల టోపీ. ముఖం మాత్రం ఆనలేదు.

రామవ్వ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అంగడికి వచ్చినప్పుడల్లా స్టేషన్ అరుగు మీద కాసేపు కూర్చుని, సాలోమోను వంక చూసి వెళ్లిపోయేది. తిడితే పడేవాడే. ఆ చూపే అతనికి అన్నం సహించకుండా చేసింది.

ధోవతి, నల్ల టోపీ అంటే ప్రహ్లాద్ సేటే. రెండేళ్ల కిందట పోచంపాడ్ నుంచి వచ్చి ఆర్మూర్‌లో రైతుల పసుపును కమీషను మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం పెట్టాడు. ఎవరు ఎప్పుడు ఉడకబెడుతున్నారో రైతులే దుకాణానికి వచ్చి మరీ చెప్పిపోతారు. పైగా ఆదివారం వస్తే చాలు, సేటు సైకిలు పట్టుకుని ఊళ్ల మీద పడతాడు. పసుపు మచ్చులు చూడటానికట.

ఆ ఆదివారం సాలోమోను లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి, తన సైకిలు మీద అతని వెంటపడ్డాడు. చల్లటి గాలి, రెండు వైపులా మక్కచేలు, దారిలో ఎడ్లబండి తప్ప అడ్డం లేదు. తొక్కేవాడికి పండగలాంటి బాట. కానీ ముందు పోయే సేటు తొక్కితేగా! సైకిలును పెళ్లికూతురిలా పక్కన నడిపించుకుంటూ, తీరిగ్గా పోతున్నాడు.

అంత నెమ్మదిగా తొక్కడం ఎవరి తరమూ కాదు. సాలోమోను రెండుసార్లు తూలి, మూడోసారి పంటకాలువలో పడ్డాడు. లేచి తనూ దిగి నడిపించుకోవలసి వచ్చింది. ఇద్దరు మనుషులు, రెండు సైకిళ్లు, ఆలూర్ దాకా నడక. కలుపు తీసే ఆడవాళ్లు నడుములెత్తి, ఇద్దరికీ ఒక్కసారే పంచరైందా అని అడిగి మరీ నవ్వారు.

దాంతో అతని ఓపిక తెగింది. మర్నాడు మార్కెట్ యార్డులో, పసుపు రాశుల నడుమ, నలుగురి ముందూ సేటును నిలదీశాడు. దమ్ముంటే సైకిలెక్కి చూపించమన్నాడు.

సేటు ముఖం పాలిపోయింది. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"జమేదార్ సాబ్, నాకు సైకిల్ తొక్కరాదు. సంచి మోస్తదని కొన్న. సేటు ఉత్త కాళ్లతోని నడిచొస్తే ఏ రైతు మంచం వాలుస్తడు? పక్కన సైకిల్ ఉంటే జర ఇజ్జతుంటది. మీ కాళ్లు మొక్కుత, గీ ముచ్చట నలుగుట్ల వెట్టకుండ్రి."

చెవులు రిక్కించి విన్న హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిజమే. సేటు సీటు మీద కూర్చోగా ఆర్మూర్‌లో చూసినవాడు ఒక్కడూ లేడు.

అయినా సాలోమోను వదల్లేదు. ఇద్దరు హమాలీల చేత ఎత్తించి కూర్చోబెట్టి, ఒక్క తోపు తోయించాడు. సైకిలు అటు వంగి, ఇటు వంగి, పసుపు రాశిలోకి దూరింది. సేటు నలుగు పెట్టిన పెళ్లికొడుకులా లేచాడు. యార్డంతా పడీపడీ నవ్వింది. ఓ మూల నిలబడ్డ రామవ్వ మాత్రం కొంగు సర్దుకుని, తలవంచుకుని వెళ్లిపోయింది.

సాలోమోనుకు తల కొట్టేసినట్లయింది. ఉన్న ఒక్క ఆశా పోయింది. పైగా పరువుగల మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేసిన పాపమొకటి. సేటును తన సైకిలు వెనక ఎక్కించుకుని, తనే ఇంటి దాకా దింపాడు. దారి పొడవునా సేటు అతని నడుము గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని దేవుళ్ల పేర్లు తలుచుకుంటూనే ఉన్నాడు.

సేటు పెరట్లోకి స్నానానికి పోయాడు. భార్య భాగ్యవతి చెంబుతో మంచినీళ్లు తెచ్చి, సంగతేమిటని అడిగింది. సాలోమోను జరిగినదంతా సిగ్గుపడుతూనే చెప్పి, తన తప్పు కాస్తయినా దిద్దుకుందామనుకున్నాడు.

"సేటుకు సైకిల్ తొక్కరాదన్న ముచ్చట నాకు ఎర్కలేకపాయె అమ్మా. ఫికర్ చెయ్యకుండ్రి, ఆదివారం ఆదివారం నేనే వచ్చి నేర్పిస్త."

భాగ్యవతికి పౌరుషం వచ్చింది. మొగుణ్ని చేతకానివాడంటే ఏ ఆడది ఊరుకుంటుంది?

"ఎవలన్నరు తొక్కరాదని? పోయిన నెల పోచంపాడ్ల మా అమ్మగారింటికెల్లి నన్ను ముందట కడ్డీ మీద కూసోవెట్టుకొని, నాకు ఎండ తాకొద్దని ఒక చేత్తోని గొడుగు వట్టి, ఒంటి చేత్తోని తొక్కుకుంట తోల్కొచ్చిండు. ఆర్మూర్ కనవడంగనే దిగి నడువుమంటడు, గదొక్కటే నాకు నచ్చది."