పెట్టెలో చెంచా

జమ్మలమడుగు దగ్గరి బండల ఫ్యాక్టరీకి మేనేజరుగా వచ్చిన రాజశేఖర్, మొదటి రోజే ఆఫీసు గోడకు ఒక పెట్టె తగిలించాడు.

'మీ కొత్త ఆలోచన రాసి వేయండి. కంపెనీ మీ ఇల్లు' అని దాని మీద రాయించాడు.

అంతలో గని నుంచి వచ్చిన బండల దగ్గర నవ్వులు వినిపించాయి.

ఒక ముసలామె స్టీలు చెంచాతో బండను తట్టి, చెవి ఆనించి వింటోంది.

"బండ ఏమంటాంది మునెమ్మత్తా?" అడిగింది అక్కడ పనిచేసే జ్ఞానమ్మ.

"కడుపులో నొప్పంట. కోత మిషను ఎక్కించొద్దు, పక్కన పెట్టండి."

"మా ఇంటాయన మాదిరే. పనంటే చాలు, నొప్పి," అంది సకీనా.

ఆడవాళ్లంతా మళ్లీ నవ్వారు. రాజశేఖర్‌కు ఒళ్లు మండింది.

"ఎవరీమె? హాజరుపట్టీలో పేరుందా?"

"ల్యాదు సార్. జీతమూ ల్యాదు. ఏండ్ల నుంచి ఊరికే వస్తాది," అంది జ్ఞానమ్మ.

"ఊరికే వచ్చి నవ్వించడానికా?"

మునెమ్మ దగ్గరికొచ్చింది. "బండలు చూసి పోతానప్పా. నీకేం అడ్డం రాను."

"చెప్పేదుంటే రాసి ఆ పెట్టెలో వేసి వెళ్లు."

"నాకు అచ్చరాలు రావు."

"అయితే గేటు అటుంది."

మునెమ్మ చెంచాను కొంగుతో తుడిచింది. పోతూ పోతూ పెట్టె దగ్గర ఆగింది. లోపల ఠంగుమని చప్పుడైంది.

ఆ రోజు నుంచి నవ్వులు లేవు. పక్కన పెట్టే బండలూ లేవు. వచ్చినవన్నీ మిషను ఎక్కాయి. పని బాగా సాగుతోందని రాజశేఖర్ సంతోషపడ్డాడు.

పదో రోజు, మిషను ఎక్కించడానికి క్రేను ఎత్తిన బండ గాల్లోనే రెండుగా విరిగి, కింద పనిచేస్తున్న కూలీ తిమోతి కాళ్ల మీద పడింది. అతన్ని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు.

"ఆ పగులు ఒక్కరికీ కనపడలేదా?" అరిచాడు రాజశేఖర్.

"కంటికి కనపడదు సార్," అంది జ్ఞానమ్మ. "తడితే మంచి బండ గంట మాదిరి మోగుతాది. లోన పగులుంటే గొంతు పూడుకపోతాది. ఆ కిటుకు కనిపెట్టింది మునెమ్మత్త. మాకెవరికీ ఆ చెవి ల్యాదు. పెట్టె తీసి చూడండి."

పెట్టెలో ఒక్క కాగితం కూడా లేదు. చెంచా ఒక్కటే ఉంది.

"జీతం లేకుండా ఇన్నేళ్లా? కంపెనీ మీద అంత ప్రేమా?"

"కంపెనీ మింద కాదు సార్, మా మింద."

జ్ఞానమ్మ చెంచా అందుకుని కొంగున ముడేసుకుంది.

"పన్నెండేండ్ల కింద ఇదే క్రేను కింద బండ విరిగి ఆమె మొగుడు పాయె సార్, ఆ పొద్దు ఆయన తినకుండా వదిలిపెట్టిన క్యారియర్‌లోది ఈ చెంచా."