ఒక్క ఓటు తేడా

పోలింగ్ బూత్‌లు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంటికో ఓటు. అయిదేళ్లూ వంటింటి గోడ మీదుండి అక్కడి మాటలు విన్న మాట్లాడే పెట్టె, ఆ ఇంటివాళ్ల మనసు కనిపెట్టి, ఓటు తనే వేసేస్తుంది. ఈసారి పదమూడో వార్డు కౌన్సిలర్ శేషారత్నం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఆ ఒక్క వార్డుతో మున్సిపాలిటీయే అవతలి పార్టీ చేతికి వెళ్లిపోయింది.

గోంగూర వలుస్తున్న మాణిక్యాంబ గొంతు తగ్గించి పెట్టెను అడిగింది. "మన ఓటు రత్నానికేగా?"

"కాదండీ, అవతలి పార్టీకి. రత్నంగారికి పొగరెక్కిందని మీరు ముప్ఫైసార్లు అన్నారు. మెచ్చుకున్నది ఒక్కసారే, కుళాయి వేయించిన రోజు."

మాణిక్యాంబ చెవులు వేడెక్కాయి. మొన్ననే రత్నం చెయ్యి పట్టుకుని "నా ఓటు నీకే" అని చెప్పి వచ్చింది మరి.

అంతలో పక్కింటి నుంచి రత్నమే వచ్చింది. పీట లాక్కుని కూర్చుని, తనూ ఒక కట్ట అందుకుంది.

"నన్ను ముంచిందెవరో తెలిసింది వదినా. మా ఇంటి పెట్టే! ఈ పదవి నాకొద్దు బాబోయ్ అని రోజూ గొణిగేదాన్నిగా, నిజమనుకుని అవతలోళ్లకి వేసింది. పార్టీవాళ్లంతా నన్నే తిడుతున్నారు. పోన్లే, నువ్వైనా నాకు వేశావు."

మాణిక్యాంబ గుండె మీది బరువు దిగిపోయింది. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచింది.

"నువ్వూ మరీ అంత విసుక్కోకుండా ఉండాల్సింది వదినా," అంది.

ఆ తర్వాత రత్నం ముఖంలోకి చూడలేక, వలిచేసిన కాడల్లోనే మళ్లీ ఆకులు వెతుక్కుంటూ కూర్చుంది.